నకలు పెట్టె

నిర్మల్,
14 ఫిబ్రవరి 2011

దమయంతక్కకు,

ఆదివారం ఉరికి ఉరికి బస్సయితే పట్టుకున్న గని, నీ పని సగంలనే విడిచిపెట్టి వచ్చిన. కంప్యూటర్ల లినక్స్ ఎక్కించుడు అయింది, తెలుగు అక్షరాలు కూర్చోబెట్టుడు అయింది. ఈమెయిల్ కాడికి వచ్చేసరికి మీ చిక్కడపల్లిల కరెంటు పోయింది. అందుకే మిగిలిన పని ఉత్తరంల చెప్తున్న. ఈమెయిల్ ఎట్ల పెట్టుకోవాల్నో పోస్టుల రాసి పంపుకునే మనుషులు మనిద్దరమే ఉంటం కావొచ్చు. నవ్వుకో.

ముందుగాల నీ కొట్లాటకు జవాబు. 'లోకమంత వాడే సిస్టమ్ ఉండంగ నాకీ అడ్డమైనది ఎందుకు తగిలించినవ్' అన్నవ్. పాతికేండ్ల సంది దోపిడీ మీద రాస్తున్నవ్, 'నిలదీత' అని పత్రికకు పేరు పెట్టుకున్నవ్. దాన్ని దొంగ సీడీ మీద నడిపిస్తవా? లేకుంటే కంపెనీకి కప్పం కడతవా? ఇది ఎవని సొత్తూ గాదు. లోపల ఏం జరుగుతున్నదో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. దాపరికం లేని యంత్రం అక్కా ఇది. మన తీరు మనుషులకు తగ్గది.

ఇగ పని. తెర మీద కవరు బొమ్మ ఉంటది, నొక్కు. పేరు అడుగుతది. తర్వాత మెయిల్ అడ్రస్, పాస్‌వర్డ్. చీటీ మీద రాసిచ్చిన గద, అవే. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలే కనిపిస్తయి, పరేషాన్ గాకు, మిషన్ ఏం ఖరాబు గాలే. తర్వాత వచ్చే ఉత్తరాలకు ఒక సర్వర్ పేరు, పోయే ఉత్తరాలకు ఒక సర్వర్ పేరు అడుగుతది. రెండూ ఈ కాయితం కింద రాసిన. చుక్క తప్పకుండ కొట్టు.

ఆఖరుది మరువకు. సెట్టింగులల్ల నకళ్ల అర అని ఒకటుంటది. అందుల బీసీసీ అనే గడికి టిక్కు పెట్టి, పక్కన నేను రాసిన 'నిలదీత నకలు' అడ్రస్ కొట్టు. ఆ పెట్టె నేనే తెరిచి ఉంచిన. నువ్వు పంపే ప్రతి మెయిలుకు నకలు ఒకటి అందుల పడతది, అవతలోళ్లకు కనబడదు. నువ్వు ఏ ఉత్తరం రాసినా కింద కార్బన్ కాయితం పెడతవు గద, ఇది గూడ గంతే అనుకో. రేపు మిషన్ కాలిపోయినా నీ రాత మిగులుతది.

కుదిరితే ఎవరికన్న ఒక మెయిల్ కొట్టు. కుదరకుంటే తిట్లు ఉత్తరంల రాయి. అవి నీ చేతిరాతల్నే బాగుంటయి.

తమ్ముడు,
సాగర్


చిక్కడపల్లి,
23 ఫిబ్రవరి 2011

సాగర్,

కుదిరింది. మూడు దినాలు పట్టింది.

మొదటి దినం పాస్‌వర్డ్ తప్పన్నది. రెండో దినం సర్వర్ దొరుకుతలేదన్నది. ఎట్ల దొరుకుతది? నువ్వు సర్వర్ పేరు రాసి చివర ఒక చుక్క పెట్టినవ్. చుక్క తప్పకుండ కొట్టుమన్నవ్, కొట్టిన. అది వాక్యం అయిపోయిందని పెట్టిన చుక్కనట! ఫోన్ల సులోచన చెప్పి పడి పడి నవ్వింది. ఫిజిక్స్ లెక్చరర్‌వి, పిల్లలకు గిట్లనే పాఠం చెప్తవా?

మొదటి మెయిల్ సులోచనకే పంపిన. కేసుల పని మీద ఢిల్లీల ఉన్న మన వకీలు సులోచనకు చిక్కడపల్లి నుంచి అర నిముషంల ఉత్తరం చేరుతదంటే, నిజం చెప్తున్న, చిన్న పిల్ల లెక్క సంబరపడ్డ. నకలు పెట్టె గూడ పెట్టిన. కార్బన్ అన్నవ్ గాబట్టి మారు మాట లేకుండ పెట్టిన. నువ్వు ఎగతాళి చేస్తవు గని, పాతికేండ్ల సంది పంపిన ప్రతి ఉత్తరానికి నా ట్రంకుపెట్టెల నకలున్నది. దీని కింద గూడ ఉన్నది.

నీకు మాత్రం మెయిల్ రాయ. నువ్వు చూసేది కాలేజీ కంప్యూటర్ల, ప్రిన్సిపాల్ ముంగట. అదొకటి. రెండోది, నీతోని కొట్లాడాలంటే పెన్ను వత్తి రాయాలె.

ఇప్పుడే ఒక కొట్లాట. 'దాపరికం లేని యంత్రం, మన తీరు మనుషులకు' అన్నవ్. నీ సంగతి నాకు తెల్వదు. నా దగ్గర దాచేటివి ఉన్నయి. నా గడప తొక్కి ఏడ్చిపోయిన ఆడపిల్లల పేర్లు నేను దాస్త. చచ్చేదాక దాస్త. బలమున్నోని సంగతి బజార్ల పెట్టాలె, బలం లేనోళ్లది కడుపుల పెట్టుకోవాలె. రెండిటికి ఒకటే సూత్రం అంటే నేను ఒప్పుకోను.

దమయంతి


చిక్కడపల్లి,
2 సెప్టెంబర్ 2011

సాగర్,

కోపంల రాస్తున్న. 'నీ ఉత్తరాలల్ల కోపం లేనిది ఏది' అంటవు. ఇది వేరే.

అశోక్‌నగర్‌ల గ్రూప్స్ కోచింగ్ సెంటర్ నడిపే విఠల్ నీకు మంచిగ ఎరుకే. మీ జిల్లా ఉద్యమ సభలకు టెంట్లు పంపేది ఆయననే. రోడ్డు మీద వంటావార్పు పెడితే బియ్యం పంపేది ఆయననే. వేదిక మీద నీ పక్క కుర్చీల కూర్చునేది ఆయననే. ఆ సెంటర్‌ల చదివే పిల్ల ఒకామె మొన్న నా ఇంటికి వచ్చింది. హాస్టల్ల ఉంటది, పొద్దంత మా చిక్కడపల్లి లైబ్రరీల చదువుకుంటది. అక్కడ 'నిలదీత' చదివి, వెనుక అట్ట మీద అడ్రస్ చూసి వచ్చింది. తోడుగ రూంమేటును తెచ్చుకున్నది. ముందుగాల చెంబెడు మంచినీళ్లు తాగింది. తర్వాత చెప్పింది.

విఠల్ ఏం చేసిండో నీకు రాయ. ఆ పిల్ల తప్పించుకొని బయటవడ్డది, అంతవరకు తెలిస్తే చాలు. ఆమెకన్న ముందు ఇంకో ఇద్దరు సెంటర్ విడిచి ఊర్లకు పోయిండ్రట. ఎందుకు పోయిండ్రని ఎవరు అడగలే.

ఆమె చెప్పిందంత ఆమె మాటలల్లనే రాసి సులోచనకు మెయిల్ల పంపిన. నవంబర్‌ల ఢిల్లీ నుంచి వచ్చి దగ్గరుండి ఫిర్యాదు ఇప్పిస్తనన్నది. అప్పటిదాక ఈ పిల్ల అడిగింది ఒక్కటే: ఇంట్ల తెల్వొద్దు. తెలిస్తే నాయిన వచ్చి తీస్కపోతడు. పరీక్ష పోతది, ఫిర్యాదూ పోతది. పేరు తెలిసినోళ్లం నలుగురం: ఆమె, రూంమేటు, నేను, సులోచన. నీకు చెప్తలేను.

నీతోని పని ఒక్కటే. ఆ మనిషి పక్కన కూర్చునుడు బంద్ పెట్టు.

దమయంతి


నిర్మల్,
11 సెప్టెంబర్ 2011

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. ఆ పిల్ల అబద్ధం చెప్పిందని నేను అంటలేను. విఠల్ సన్యాసి అని గూడ అంటలేను.

గని సమయం చూడు. ఎల్లుండి నుంచి సకల జనుల సమ్మె. బొగ్గు బాయి కాడి నుంచి బడి దాక అన్ని బంద్ అయితున్నయి. జిల్లా కన్వీనర్‌గ నాకు మూడు దినాల సంది నిద్ర లేదు. గిసొంటప్పుడు విఠల్ మీద కేసు అంటే టీవీలోళ్లు ఏం చూపిస్తరు? 'చూడున్రి, ఉద్యమం ఎనుక ఎసొంటోళ్లు ఉన్నరో' అని పొద్దంత అదే తిప్పుతరు. మన మీద రాళ్లెయ్యడానికి కాసుకొని కూర్చున్నోళ్లకు మనమే రాయి అందిద్దామా?

రాష్ట్రం రానీ. వచ్చిన తెల్లారి నేనే నీ పక్కన నిలబడి వాన్ని చౌరస్తల నిలబెడత. ఇది నా మాట.

అప్పటిదాక ఆ పిల్లను కాపాడుకుందాం. పేరు చెప్పు. కన్వీనర్‌గ అడుగుతలే, తమ్మునిగ అడుగుతున్న. వేరే సెంటర్‌ల చేర్పిస్త, వేరే హాస్టల్ చూస్త. చదువు చెడదు, నలుగురి నోళ్లల్ల పడదు. నా మీద నమ్మకం లేదా?

సాగర్


చిక్కడపల్లి,
22 సెప్టెంబర్ 2011

సాగర్,

రైళ్లు బస్సులు బంద్ పెట్టినా నీ ఉత్తరం పది దినాలకు చేరింది. పోస్టోళ్లకు దండం.

రాష్ట్రం వచ్చినంక. ఈ 'వచ్చినంక' నాకు కొత్త గాదు. మనం యూనివర్సిటీల చదివినప్పుడు, అడిక్‌మెట్ రూంల స్టడీ సర్కిల్ నడిచినప్పుడు, ఒక నాయకుని మీద ఒక అమ్మాయి నోరు తెరిచింది. యాదికున్నదా? 'విప్లవం వచ్చినంక మాట్లాడుదాం' అన్నరు. నేను గూడ తల ఊపిన. ఆ అమ్మాయి చదువు విడిచిపెట్టి పోయింది. విప్లవం రాలే. ఆయన కాంట్రాక్టర్ అయిండు. ఆడోళ్ల సంగతి ఎప్పుడైనా గంతే: ఇప్పుడు గాదు, ఇంకొకటి అయినంక. ఆ ఇంకొకటి అయినంక మరొకటి ఉంటది.

రాష్ట్రం నాకు వద్దా? నారాయణగూడ చౌరస్తల మొన్న వంటావార్పుల పప్పు కలిపింది నేనే, పోలీసోళ్లు లాగితే చీర చినిగింది నాదే. అయినా చెప్తున్న, ఒక్క ఆడపిల్ల నోరు తెరిస్తే కూలిపోయేదైతే అది ఉద్యమం గాదు, విఠల్ వేసిన టెంటు.

పేరు చెప్ప. నమ్మకం లేక గాదు. నువ్వు మంచోనివి సాగర్, అదే భయం. మంచోళ్లు మధ్యల కూర్చొని సర్దుతరు. సర్దినప్పుడల్ల సర్దుకునేది ఎవరో నాకు తెలుసు. నీ మీద కోపం లేదు. పెన్నే జర గట్టిగ వత్తుతున్న.

దమయంతి


చిక్కడపల్లి,
8 నవంబర్ 2011

సాగర్,

పోయింది. అంత పోయింది.

మూడో తారీఖు పొద్దున ఆ పిల్ల నాయిన ఎల్లేశం ఊరి నుంచి దిగిండు. విఠల్ ఫోన్ చేసిండట. 'నీ బిడ్డ పత్రికలోళ్లతోని తిరుగుతున్నది, నా మీద కేసు పెడతదట, రేపు పేపర్ల పేరు పడితే నీ ఇంటి ముంగటికి ఎవరొస్తరు' అని. పేరు తోని, ఊరు తోని, తండ్రి పేరు తోని చెప్పిండు. ఆ మనిషి హాస్టల్ ముంగట నిలబడి బిడ్డను ఒక్క మాట అనలే. పెట్టె నెత్తిన పెట్టుకొని ముందు నడిచిండు, ఆ పిల్ల ఎనుక నడిచింది. పోంగ పోంగ సెంటర్‌ల ఆపి, 'నాకేం జరగలేదు' అని కాయితం మీద ఆమెతోని సంతకం పెట్టించిండ్రు. పరీక్ష ఇంకో మూడు వారాలు ఉన్నది. సులోచన రైలు ఎక్కేది వచ్చే వారం.

ఇగ నీ దగ్గర దాచేదేమున్నది. రమ్య ఆమె పేరు. మెదక్ దిక్కు పిల్ల.

ఎవరు చెప్పిండ్రు? నేను చెప్పలే. సులోచన ప్రాణం పోయినా చెప్పదు. మిగిలింది ఒక్కతే. రూంమేటు మంజుల. సాయంత్రం పూట అదే సెంటర్‌ల అడ్మిషన్ల కౌంటర్ మీద కూర్చుంటది. కండ్ల ముంగట ఉన్నది నాకు కనబడలే.

నిన్న పది గంటలకు లైబ్రరీ మెట్ల మీద పట్టుకున్న. పదిహేను మంది పిల్లలు ఉన్నరు. 'విఠల్ నీకేమిచ్చిండు? ఆ పిల్లను ఎంతకు అమ్మినవ్?' అని అడిగిన. 'నేను గాదు మేడమ్' అన్నది ఒక్కసారి. తర్వాత నోరు మెదపలే. 'చూసిండ్రా, ఊకునుడంటేనే ఒప్పుకునుడు' అని అందరికి వినబడేటట్టు చెప్పిన. ఇప్పుడు హాస్టల్ల ఆమెతోని ఎవరు మాట్లాడుతలేరట. మాట్లాడొద్దు. వచ్చే సంచికల పేరు పెట్టి రాస్త.

గబగబ రాస్తున్న. అక్షరాలు అర్థం చేసుకో.

దమయంతి


నిర్మల్,
16 నవంబర్ 2011

అక్కా,

మనసంత ఖరాబైంది. రమ్య. పేరు ఇప్పుడే వింటున్న. నాకప్పుడే చెప్పి ఉంటే ఏదన్న చేద్దుము. ఇప్పుడు అనుకొని లాభం లేదు.

మంజుల సంగతి నువ్వన్నదే నిజం కావొచ్చు. కౌంటర్ మీద కూర్చునే పిల్ల, యజమాని అడిగితే ఎంతసేపు ఆగుతది? లేనితనం మనిషితోని ఏమన్న చేయిస్తది. నువ్వు పెద్ద మనసు చేసి ఆ పిల్లను క్షమించు. పత్రికల మాత్రం రాయకు. ఆమె పేరు రాస్తే విఠల్ పేరు రాయాలె, ఆయన పేరు రాస్తే రమ్య పేరు బయటికి వస్తది.

ఇంకొక మాట, కోపం చెయ్యకు. కోర్టుల ఇది నిలవడేదేనా? మెటీరియల్ కోసం రెండో అంతస్తుకు ఆ పిల్ల తనే పోయింది. స్టోర్ రూముకు గొళ్లెం పెట్టిండంటది. పాత తలుపు, గాలికి పడ్డదని అవతలి వకీలు అంటే ఏం చెప్తవ్? చెయ్యి కోసుకపోయింది గూడ గొళ్లెం గుంజితేనే గద. నేను నమ్ముతలేనని గాదు. లోకం నమ్మదంటున్న.

పరీక్ష మల్ల వస్తది. నీ పానం మంచిగ చూసుకో. బీపీ గోళీలు మరువకు.

సాగర్


చిక్కడపల్లి,
24 నవంబర్ 2011

విద్యాసాగర్ గారికి,

'గారు' అని రాసిన. తిట్టు రాయబుద్ధి గాక.

స్టోర్ రూము అని నీకు ఎవరు చెప్పిండ్రు? రెండో అంతస్తు అని? గొళ్లెమని? చెయ్యి కోసుకపోయిందని?

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నీ మీద విసుగే వచ్చింది. రెండోసారి చదువుతుంటే గొళ్లెం కాడ ఆగిన. ట్రంకుపెట్టె తీసి, నీకు రాసిన ఉత్తరాల కార్బన్ నకళ్లన్ని నేల మీద పరుచుకున్న. సెప్టెంబర్ రెండుది, ఇరవై రెండుది, నవంబర్ ఎనిమిదిది. వరుస వరుసకు వేలు పెట్టి చదివిన. ఎక్కడ లేదు. 'ఏం చేసిండో నీకు రాయ' అని ఉన్నది, గంతే. గొళ్లెం అన్న మాట నేను రాసింది ఒకే ఒక్క తావున, సులోచనకు పంపిన మెయిల్ల. ఆమెకు ఫోన్ చేసి అడిగిన. నీతోని మాట్లాడి ఏడాది అయిందన్నది.

అప్పుడు కంప్యూటర్ ముంగట కూర్చున్న. సెట్టింగులు. నకళ్ల అర. బీసీసీ గడిల టిక్కు. పక్కన అడ్రస్. ఎవరో దొంగతనంగ పెట్టలే. నువ్వు చెప్తుంటే నా వేళ్లతోని నేను కొట్టిన. నేను పంపిన ప్రతి ముక్క తొమ్మిది నెలల సంది నీ పెట్టెల పడుతున్నది. ఆ పెట్టె తాళం ఎవరి దగ్గర ఉన్నదని ఒక్కనాడు అడగలే. నా ట్రంకుపెట్టె తాళం నా కొంగుకే ఉంటది గాబట్టి, కార్బన్ అన్నంక అది గూడ నాదే అనుకున్న. నీకు నా అలవాటు తెలుసు. ఆ అలవాటు పట్టుకొని నన్ను నడిపించినవ్.

నువ్వు చెప్పింది నిజమే, ఆ యంత్రంల దాపరికం లేదు. తెరిచి చూస్తే తెరిచినట్టే ఉన్నది. దాపరికం దాని పక్కన కూర్చొని నా చాయ తాగిన మనిషిల ఉండె.

రమ్య పేరు నువ్వు ఇచ్చినందుకు నిన్ను ఏమనాల్నో నాకు ఇంక మాట దొరకలే. గని ఇంకొకటి ఉన్నది, అది మింగుడు పడుతలేదు. 'ఆ పిల్లను క్షమించు' అని రాసినవ్. నువ్వు చేసిన పనికి మంజులను క్షమించుమని నాకు చెప్పినవ్! ఆ వాక్యం రాసేటప్పుడు నీ పెన్ను జర గూడ ఆగలేదా?

నిన్న మంజుల దగ్గరికి పోయిన. హాస్టల్ వరండల, గోడ దిక్కు తిరిగి చదువుకుంటున్నది. మెల్లగ పక్కన కూర్చొని 'తప్పయింది బిడ్డా, నువ్వు గాదని తెలిసింది' అన్న. ఆమె పుస్తకంలకెల్లి తల ఎత్తలే. 'అన్నదేమో అందరి ముంగట, తప్పయిందనేది చెవులనా మేడమ్?' అన్నది.

లేచి వచ్చిన. పాతికేండ్లు ఊరందరికి జవాబులు రాసిన మనిషిని.

టిక్కు తీసేసిన. పాస్‌వర్డ్ మార్చిన. ఎట్ల మార్చాల్నో ఎవరిని అడగలే.

దమయంతి


నిర్మల్,
5 డిసెంబర్ 2011

అక్కా,

అట్ల పిలువొద్దంటవు. వేరే పిలుపు నాకు రాదు.

అవును, నేనే. గని నన్ను పూర్తిగ విను. ఆ పెట్టె పెట్టిన నాడు నా మనసుల పాపం లేదు. మిషన్ పోతే నీ రాతలు పోవొద్దనే పెట్టిన. ఏడు నెలలు అది తెరిచి చూడలే. నువ్వు పేరు చెప్పనని రాసిన ఉత్తరం అందిన నాడు తెరిచిన. నాకు కోపమొచ్చింది. ఇన్నేండ్ల తమ్మున్ని, నన్ను ఆ విఠల్ పక్కన నిలబెట్టి 'మంచోళ్లు సర్దుతరు' అన్నవ్. నీ చేతులల్ల అయితే అది రచ్చ అయితది, నా చేతులల్ల అయితే గుట్టుగ తేలుతది అనుకున్న. విఠల్‌ను పిలిచి మాట్లాడిన. 'ఫలానా పిల్ల, ఆమె జోలికి పోకు, క్షమాపణ చెప్పు' అన్న. నా ముంగట తల ఊపిండు. వాళ్ల నాయినకు ఫోన్ చేస్తడని నాకు తెల్వదు. నా తల్లి మీద ఒట్టు.

మంజుల సంగతి. నువ్వు అప్పటికే తీర్పు ఇచ్చేసినవ్. కాదనాలంటే నా పేరు చెప్పాలె. ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చింపిన. మూడోసారి అది రాసిన. పిరికోన్ని, ఒప్పుకుంటున్న. గని నువ్వు గూడ ఒక్కసారి నిన్ను అడుగు: పదిహేను మంది ముంగట ఆ పేద పిల్లను నిలబెట్టింది నేనా?

ఈ ఉత్తరాలు అచ్చెయ్యకు. విఠల్ పోతే పోనీ, నన్ను చూసి రోడ్డు మీదికి వచ్చిన పిల్లలు వందల మంది ఉన్నరు. ఇంత దూరం వచ్చినం. వాళ్ల మొఖం చూసి ఆగు.

సాగర్


చిక్కడపల్లి,
19 జనవరి 2012

విద్యాసాగర్,

నీ ప్రశ్నకు ముందు జవాబు. అవును, మంజులను నిలబెట్టింది నేనే. నువ్వు ఒక పిల్ల పేరు చాటుకు ఇచ్చినవ్, నేను ఇంకో పిల్ల పేరు బజార్ల ఖరాబు చేసిన. నాకు రుజువు అక్కర పడలే, నా కోపమే నాకు రుజువు. ఎదుటోడు దోషి అని అనిపిస్తే చాలు, మెట్ల మీద నిలబెట్టి మాట్లాడుడు నాకు అలవాటైంది. అది పౌరుషం అనుకున్న.

అందుకే డిసెంబర్‌ల మల్ల అదే మెట్ల మీద, అదే పది గంటలకు, ఆ పిల్లలందర్ని ఆపి చెప్పిన. మంజుల ఎవరికి ఏం చెప్పలేదని, పేరు నా ఇంట్ల కంప్యూటర్ నుంచి పోయిందని, ఆమెను అన్నది నా తప్పని. ఎనుక ఎవడో 'మేడమ్‌కు కంప్యూటర్ రాదంటరా' అని నవ్విండు. నవ్వనీ. మంజుల పుస్తకం మూసి 'విన్న మేడమ్' అన్నది. గంతే. క్షమించిన అనలే. ఆ అక్కర ఆమెకు లేదు.

అదే వారం ఆమె కౌంటర్ నౌకరి విడిచిపెట్టింది. నాకు చెప్పకుండ రమ్య ఊరికి పోయింది. ఎల్లేశం గడప తొక్కనియ్యలేదట. రెండోసారి పోయింది. మూడోసారి పోయినప్పుడు రమ్య తల్లి కమలవ్వ మొక్కజొన్న చేన్ల నిలబడి అంత విన్నదట. నేను దొంగ అన్న పిల్ల మూడు బస్సులు మారి చేసిన పని ఇది. నేను ఇక్కడ కూర్చొని సంపాదకీయం దిద్దుకుంటున్న.

నిన్న మధ్యాహ్నం నా ఇంటికి వచ్చిండ్రు. రమ్య, కమలవ్వ, మంజుల. సులోచన ముందే వచ్చి ఉన్నది. రమ్య పరీక్ష పోయింది, అది ఎవరు తెచ్చియ్యలేరు. నువ్వు రాసినట్టు 'మల్ల వస్తది' అని నేను ఆమెకు చెప్పలే.

నిన్ను చూసి రోడ్డు మీదికి వచ్చిన పిల్లల మొఖం చూడుమన్నవ్. చూసిన. సమ్మె దినాలల్ల నెత్తి మీద బతుకమ్మ పెట్టుకొని అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ దాక నడిచిందట రమ్య. చెప్పులు తెగితే చేతుల పట్టుకొని నడిచిందట. ఆ ఉద్యమం నీ ఒక్కనిదా? విఠల్ బియ్యం పంపితే ఆయనదైందా? నడిచినోళ్లది గాదా? ఇగ అచ్చేసుడు, ఆపుడు అంటవా, అది నీ చేతుల లేదు, నా చేతుల గూడ లేదు. రమ్య చెయ్యుమంటే చేస్త, వద్దంటే మానుకుంట.

ఫిర్యాదు రమ్య చెప్తుంటే నేను రాసిన. కమలవ్వ బిడ్డ వీపు మీద చెయ్యి వేసి, 'చెప్పు బిడ్డా. మీ నాయిన ఊర్ల లేనప్పుడే వచ్చినం, మల్ల ఎప్పుడొస్తమో' అన్నది. అప్పుడు మొదలుపెట్టింది. మెటీరియల్, మెట్లు, స్టోర్ రూము, గొళ్లెం. ఏడ్వలే. నేను తప్పు రాస్తే ఆపి దిద్దింది.

అన్ని అయినంక, 'నా పేరు ఆ మనిషికి ఎట్ల తెలిసిందో గూడ రాయున్రి' అన్నది.

నేను సులోచన దిక్కు చూసిన. 'రాయాలె. గాలిల తెలిసిందని రాస్తమా?' అన్నది సులోచన.

ముందు నన్ను రాసిన. పేరు, చిక్కడపల్లి, పత్రిక సంపాదకురాలు, ఆమె పంపిన మెయిలు ద్వారా అని. తర్వాత పెన్ను ఆగింది. గోడల మీద నినాదాలు రాసేటందుకు బకెట్ల రంగు కలిపి నా ఎనుక నడిచిన పంతొమ్మిదేండ్ల పిల్లగాడు, కామెర్లయితే నన్ను దవాఖానకు మోసుకపోయినోడు. ఆ నువ్వే నాకు అడ్డం వచ్చి నిలబడ్డవ్.

'ఏంది మేడమ్, ఆగిండ్రు?' అన్నది రమ్య.

'నాకు తమ్ముడసొంటోడు' అన్న.

ఆ పిల్ల గట్టిగ గూడ అనలే. 'ఆ సెంటర్‌ల కాయితం మీద సంతకం పెట్టుమన్నది మా నాయిననే మేడమ్' అన్నది.

రాసిన. విద్యాసాగర్, ఫిజిక్స్ లెక్చరర్, నిర్మల్. రమ్య కాయితం తీసుకొని మొదటి నుంచి మొత్తం చదువుకొని సంతకం పెట్టింది. ఇయ్యాల పొద్దున ఠాణాకు పోయి ఇచ్చి వచ్చినం.

దమయంతి